తీగబండిలో బసంతి నొప్పి

ట్రిప్పు 3106. సోమవారం.

గాలి ఓ మాదిరిగా ఉంది. పొద్దున ఏడున్నరకి ఎగువ స్టేషన్లో తీగకి వేలాడే మా బండి కదిలింది. పద్నాలుగు స్తంభాలు దాటి అవతలి కొండ మీది ఆసుపత్రి చేరేసరికి ఎనిమిదింబావు. పేషెంటు నాలుగేళ్ళ పిల్లవాడు. వేడి గంజి మీద పడి రొమ్ము నుంచి బొడ్డు దాకా తోలు లేచిపోయింది.

వాడు ఏడవలేదు. ఇది ఇక్కడ రాయాలి, ఎందుకంటే ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి తెలియదు. కొంచెం నొప్పి ఉన్న పిల్ల ఏడుస్తుంది. చాలా నొప్పి ఉన్న పిల్ల బిగుసుకుపోతుంది. చూపు ఒక్కచోట పెట్టి, ఊపిరి చిన్నచిన్నగా తీస్తుంది. కదిలితే నొప్పని దానికి తెలుసు. నుదుటి మీద అంటించి నొప్పి కొలిచే పట్టీకి మాత్రం ఏడుపు కావాలి, మొహం వంకరపోవాలి, చెమట పట్టాలి. వాడికి పట్టీ పదికి ఐదు అంది. ఏడు వస్తేగాని మందుపెట్టె తెరుచుకోదు.

నర్సు ఎస్తేరు కిటికీలోంచి లోయ వైపు చూసింది. నేను వాడి తొడ లోపలి పక్క గిచ్చాను. వాడు కెవ్వుమన్నాడు. పట్టీ ఎనిమిది అంది. పెట్టె టక్కున తెరుచుకుంది. ఎస్తేరు ముక్కులో రెండు పక్కలా మందు కొట్టింది. ఆరో స్తంభం దగ్గరికి వాడి పిడికిళ్ళు వదులయ్యాయి. పదో స్తంభం దగ్గర నిద్రపోయాడు.

ఈ బండిలో మేమిద్దరమే. నేను బండి తోలేవాణ్ణి, మంచం మోసేవాణ్ణి, చివర్లో రక్తం కడిగేవాణ్ణి. పేరు బరికి తవిటయ్య. ఈ తీగ మీద పదిహేడేళ్ళు. అంతకుముందు సముద్రం మీద. సముద్రం మా ఊరి మీదికి వచ్చాక కొండెక్కాం. రోడ్లు వరసగా మూడు వానలకి జారి లోయలో పడ్డాక ఈ తీగ వేశారు. నా బండిలో ఏ పిల్లా మందు లేకుండా అవతలి కొండ చేరలేదు. గిచ్చడం తప్పని ఎవరికైనా అనిపిస్తే నా ముందుకొచ్చి అనమనండి.

ట్రిప్పు 3109. బుధవారం.

ఎగువ మెట్టు, పదకొండో వరస ఇళ్ళు. కిల్లో బసంతి, తొమ్మిదేళ్ళు. ఈ పిల్ల నెలకో, రెండు నెలలకో ఓసారి మా బండెక్కుతుంది. రక్తంలో కణాలు కొడవలిలా వంగి ఎముకల్లో ఇరుక్కునే జబ్బు. చలిగాలి తగిలినా, నీళ్ళు తక్కువ తాగినా నొప్పి పడుతుంది. ఒక్కోసారి ఏమీ లేకుండానే పడుతుంది. కాళ్ళు, నడుము. తల్లి దొయిమతి పాత చీరతో వీపుకి కట్టుకుని మెట్లన్నీ దిగి స్టేషనుకి తెస్తుంది. తల్లికి బండిలో చోటు లేదు. పిల్లని మాకప్పగించి, తరవాతి సామాను బండిలో వస్తుంది.

పట్టీ నాలుగు అంది. గిచ్చాను. ఎనిమిది. మందు పడింది.

మందు పట్టాక ఈ పిల్ల నోరు మూయదు.

"తాతా, నీ మీసం ఓ పక్క తెల్లగుంది, ఓ పక్క పసుపుగుంది. సుట్ట ఏ పక్క కాలుత్తావు?"

"నోర్మూసుకొని పడుకో."

"ఎస్తేరక్కా, ఈ తాతకి పెళ్ళయిందా?"

"అయింది. పాపం ఆయమ్మ తొరగా పోయింది," అంది ఎస్తేరు.

"గిచ్చేసుంటాడు," అంది బసంతి.

ఎస్తేరు నవ్వాపుకోలేక మందుపెట్టె మీద తల పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది గానీ కనపడనివ్వలేదు.

ట్రిప్పు లేదు. శుక్రవారం.

గాలి ఎక్కువని తీగ ఆపేశారు. కప్పీలకి గ్రీజు పెట్టాను. మంచం దుప్పట్లు ఉతికి ఆరేశాను. మధ్యాహ్నం కంట్రోల్ ఆఫీసు మేడం స్పీకర్లో అన్ని లైన్లకీ ఒక మాట చెప్పింది. ఇంతవరకు అందరికీ ఒకటే కొలతట. ఒకడికి ముల్లు గుచ్చుకుంటే ఎనిమిది, ఒకడికి కాలు విరిగితే నాలుగు, అలా మందు వృథా అవుతోందట. ఇకనుంచి ఏ మనిషికి ఏది మామూలో పట్టీ గుర్తు పెట్టుకుని, అక్కడినుంచి కొలుస్తుందట. పాత ట్రిప్పులన్నీ దానికి నేర్పేశారట.

నాకు మంచిదే అనిపించింది. దర్జీ అందరికీ ఒకటే చొక్కా కుట్టడు కదా. 

ట్రిప్పు 3127. గురువారం.

బసంతి. ఈసారి నెల తిరక్కుండానే వచ్చింది, నొప్పి ఎప్పటిలాంటిది కాదు. మంచం మీద పడుకోబెడుతుంటే పిల్ల ఒళ్ళు చెక్కలా ఉంది. పెదవులు బూడిదరంగు. కాలు మీద దుప్పటి వేస్తే ఆ బరువు కూడా ఓర్వలేకపోయింది. దుప్పటి తీసేశాం.

పట్టీ మూడు అంది.

ఎస్తేరు పట్టీ తీసి, నుదురు తుడిచి, మళ్ళీ అంటించింది. మూడు. బండి రెండో స్తంభం దాటింది. నేను గిచ్చాను. పిల్ల అరిచింది. పట్టీ మూడు దగ్గర్నించి కదలలేదు. మళ్ళీ గిచ్చాను, ఈసారి చెయ్యి. నాలుగు అంది, వెంటనే మూడుకి దిగిపోయింది. పెట్టె మీద చిన్న అక్షరాలు వచ్చాయి. ఎస్తేరు చదివింది: "ఈ పేషెంటుకు ఇది మామూలే."

పెట్టెని బలవంతంగా తెరవడానికి లేదు. తెరిస్తే లోపలి సీసాలు వాటంతటవే ఒలికిపోతాయి. మూడో లైనువాళ్ళు ఒకసారి గడ్డపార పెట్టి చూశారు, నేల తుడుచుకున్నారు.

అందుకని పట్టీ తీసి నా నుదుటికి అంటించుకున్నాను. తలుపు సందులో ఎడమ చేతి రెండు వేళ్ళు పెట్టి తలుపు లాగాను. తొమ్మిది అంది. నుదురు పెద్దవాడిదని పసిగట్టి పెట్టె పెద్దవాళ్ళ అర తెరిచి ఒక మాత్ర బయటికి తోసింది. పిల్లల మందు అర తెరవలేదు.

"సగం విరిచి ఎయ్యి దానికి," అన్నాను.

"బాబాయ్, ఈ మాత్ర పావు ముక్క ఏసినా దాని ఊపిరాగిపోద్ది. నా సేతుల్తో నేను సంపలేను."

మాత్ర ఆసుపత్రిలో తిరిగి ఇచ్చేశాం. నేను మింగలేదు.

ఎస్తేరు వేడినీళ్ళ సంచి పెట్టింది, నీళ్ళు చెంచాతో పట్టింది, ఆక్సిజన్ గొట్టం పెట్టింది, లోయలో మేకలున్నాయి చూడమంది. చెయ్యగలిగిందంతా చేసింది. ఎనిమిదో స్తంభం దగ్గర బసంతి తనంతట తనే గౌను చెయ్యి పైకి మడిచింది. చెయ్యి నా వైపు చాపింది.

"గిచ్చు తాతా. గట్టిగా. అప్పుడు తెరుసుకుంటాది."

గిచ్చాను. గట్టిగా గిచ్చాను. గోరు దిగింది. మూడు.

"ఇంకోసారి," అంది.

నేను గిచ్చలేదు. అది చెయ్యి అలాగే చాపి ఉంచింది, ఆసుపత్రి స్టేషను వచ్చేదాకా. అక్కడ డాక్టరమ్మకి పట్టీతో పనిలేదు. ఆవిడ తాళం తనే తీసి సూది వేసింది. మందు లేకుండా బండిలో యాభై నిమిషాలు. అరగంటలో పడవలసిన మందు కాదు, అయిదు నిమిషాల్లో పడవలసిన మందు.

ట్రిప్పు లేదు. శనివారం.

ఎస్తేరు రెండు రోజులు పాత ట్రిప్పులు తిరగేసింది. ఇవాళ స్టేషను వెనక నన్ను కూర్చోబెట్టి చెప్పింది. నాకు బడి లేదు, నలభయ్యో ఏట పడవల సంఘంలో అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని వేళ్ళమీద చెప్పింది.

"నువ్వు గిచ్చినప్పుడల్లా బసంతిది ఎనిమిదో తొమ్మిదో అయింది బాబాయ్. రెండు నిమిషాల్లో మళ్ళీ నాలుక్కి దిగిపోయింది. మందు అప్పటికింకా పట్టనేదు. ఆ దిగింది గిచ్చిన మంట. మరి పట్టీ ఏటి నేర్సుకుంది? ఈ పిల్ల ఊరికే తొమ్మిదికెక్కుద్ది, ఊరికే దిగిపోద్ది, దీనికి తొమ్మిదంటే పెద్ద సంగతి కాదని నేర్సుకుంది."

"ఎన్నిసార్లు?"

"బసంతిని పదకొండుసార్లు. మిగతా పిల్లలు ఒక్కోసారే ఎక్కారు కాబట్టి వాళ్ళకి పెద్దగా తేడా రాదు. దీనికే."

 వేళ్ళకి కట్టిన గుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

"నేను కిటికీలోంచి సూసేదాన్ని. పదకొండుసార్లూ సూశాను, లోయలోకి. తప్పు నీ ఒక్కడిదే కాదు బాబాయ్," అంది.

నా ఒక్కడిదే. ఇది నేను అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ట్రిప్పు లేదు. ఆదివారం.

కంట్రోలుకి చెప్పాను.  స్పీకర్లో మేడం అడిగింది:

"గిచ్చడం అంటే, వేళ్ళతోనా?"

"వేళ్ళతో కాక కాళ్ళతో గిచ్చుతారేటమ్మా?"

"ఎందుకు చేశారు?"

"మీ పెట్టె తెరుచుకోడానికి."

"మాకు ముందే చెప్పొచ్చు కదా, పిల్లలకి నంబరు తక్కువ చూపిస్తోందని."

"ఆరుసార్లు సెప్పినాను. ఆరుసార్లూ రాసి పంపమన్నారు. ఈ పుస్తకంలో రాసుకోడమే గానీ ఆపీసు రాతలు నాకు సేతకావని పంపనేదు."

అది నిజం. ఎస్తేరుని రాయమని అడిగితే రాసి ఉండేది. అడగలేదు. నా బండిలో సంగతి ఇంకొకరి చేత రాయించుకోవడం నాకు నచ్చలేదు. గిచ్చితే పని అయిపోయేది, అందుకని గిచ్చాను.

ఇప్పుడు మేడం మళ్ళీ అదే అంది, రాసి పంపండి, పిల్ల లెక్క సరిచేస్తారేమో చూస్తాం అని. ఎస్తేరు కాగితం తీసింది. నేను లాక్కుని నేనే రాశాను. అర్ధరాత్రి దాకా పట్టింది. పదకొండు ట్రిప్పుల నంబర్లు, ఎక్కడ గిచ్చానో, పట్టీ ముందెంత, తరవాతెంత. చివర్లో, ఇందులో పిల్ల తప్పు లేదు, ఆ పదకొండూ తీసేయండి, అని రాసి వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టాను.

ట్రిప్పు 3141. మంగళవారం.

బసంతి. మూడు. మందు లేదు. నలభై ఎనిమిది నిమిషాలు.

ఆసుపత్రి స్టేషన్లో దొయిమతి సామాను బండి దిగగానే పక్కకి పిలిచి చెప్పాను. నేను గిచ్చిన సంగతి, దానివల్లే పట్టీ దీని మాట నమ్మడం మానేసిన సంగతి. తిప్పకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

ఆమె వీపుకి కట్టుకునే చీర మడతపెడుతూ నిలబడింది.

"తొడ మీద మచ్చలు సూశాను," అంది. "సూదులనుకున్నాను. మందు బాగానే ఏత్తన్నారు పిల్లకి అనుకొని, మీ ఇద్దరి పేర్లూ సెప్పి దీపం ఎట్టేదాన్ని."

అంతే అంది. చీర భుజాన వేసుకుని లోపలికి పోయింది.

ట్రిప్పు 3150. సోమవారం.

జవాబు వచ్చింది. ఎస్తేరు పెద్దగా చదవడం మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించింది. నేను లాక్కుని కూడబలుక్కున్నాను.

ఈ బండిలో పిల్లల మీద వచ్చిన నంబర్లు చేతితో పెంచినవని ఉద్యోగి స్వయంగా ఒప్పుకున్నందున, ఈ బండిలో పిల్లల నంబర్లు వేటినీ నమ్మడానికి వీలులేదట. కొత్త పట్టీ వచ్చి, పరీక్షలు పూర్తయ్యేవరకు ఈ బండి మందుపెట్టెలో పిల్లల అర మూసి ఉంచుతారట. బసంతి లెక్క సంగతి విడిగా చూస్తారట, పదకొండు నెలలు పట్టవచ్చట. నన్ను పనిలోంచి తీసేయలేదు. ఈ తీగ మీద తోలడానికి వేరేవాళ్ళెవరూ రారు, అది వాళ్ళకీ తెలుసు.

పిల్లల అర మీద ఎర్రలైటు వెలిగింది. ఇంతకుముందు నా బండిలో ఒక్క బసంతికే మందు లేదు. ఇప్పుడు ఏ పిల్లకీ లేదు.

"ఊరుకుంటే బాగుండేది బాబాయ్," అంది ఎస్తేరు. తరవాత, "కాదులే," అంది. 

ట్రిప్పు 3153. గురువారం.

ఏడేళ్ళ వాడు, మోచెయ్యి విరిగింది. మందు లేదు. తండ్రికి బండెక్కించే ముందే చెప్పాను. "గిచ్చుడు తాత బండేనా ఇది?" అన్నాడు. అవునన్నాను. ఎస్తేరు చెక్క కట్టి చెయ్యి కదలకుండా పట్టుకుంది. తీగ ప్రతి స్తంభం దగ్గరా ఒక కుదుపు కుదుపుతుంది. పద్నాలుగు కుదుపులు. ఇన్నేళ్ళూ ఆ కుదుపులు నేను లెక్కపెట్టలేదు.

ట్రిప్పు 3154. శుక్రవారం.

ఒకటిన్నరేళ్ళ పాప, వేడినూనె. మందు లేదు. వివరాలు రాయను.

ట్రిప్పు 3160. బుధవారం.

మధ్యాహ్నం రెండు. దొయిమతి పిల్లని వీపున కట్టుకుని వచ్చింది. ఆకాశం దక్షిణం వైపు నల్లగా ఉంది. పిల్లని దింపకుండా నా ముందు నిలబడింది.

"మందుందా?"

"నేదు."

"మరి దేనికెక్కడం?"

"అవతల ఉంది."

"గాలొత్తాది. మజ్జిలో ఆగిపోద్ది."

"ఆగొచ్చు."

ఆమె నా మొహం చూసింది. అబద్ధం చెబుతానేమోనని చూసిందనుకుంటా. వేరే దారి లేదు. మెట్ల దారిన లోయ దిగి ఎక్కడానికి రెండు రోజులు. ముడి విప్పి పిల్లని మంచం మీద పడుకోబెట్టింది. ఎస్తేరు అలవాటుగా పట్టీ చించి నుదుటికి అంటించింది. మూడు.

దొయిమతి పట్టీ వైపు చూసి అంది:

"ఇన్నాళ్ళు దాన్నే అడిగారు. నా పిల్లకి నోరుంది గదా. పిల్లని అడగరేటి మీరు?"

తలుపు వేశాను. బండి కదిలింది.

ఆరో స్తంభానికీ ఏడో స్తంభానికీ మధ్య గాలి పట్టుకుంది. కంట్రోల్ తీగ ఆపేసింది. అడిగితే, ఎంతసేపో చెప్పలేమంది. కింద లోయ కనపడటంలేదు, అంతా వాన. బండి ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగుతోంది. ఎస్తేరు మంచానికి, గోడకి మధ్య తన ఒళ్ళు అడ్డంపెట్టి నేలమీద కూర్చుంది, ఊగినప్పుడు పిల్ల గోడకి తగలకుండా. నేను అవతలి పక్క కూర్చున్నాను.

అరగంట. గంట. బసంతి అరవలేదు. మీసం గురించి అడగలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

"ఏడువు," అన్నాను. "అరిసెయ్యి. ఎవుడూ ఏటీ అనడు."

"ఏడిత్తే ఏటవుద్ది తాతా?" అంది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. 

గంటన్నర అయింది. పట్టీ రెండు అంది. పిల్ల ఎంత బిగుసుకుంటే అది అంత తగ్గుతుంది. అప్పుడు దొయిమతి మాట గుర్తొచ్చింది. పదిహేడేళ్ళలో నేను పట్టీని చూశాను, పెట్టెని చూశాను, పిల్లల తొడలు చూశాను. ఒక్క పిల్లనీ అడగలేదు. వంగి దాని చెవి దగ్గర అడిగాను.

"బసంతీ. నొప్పి ఎంతుంది? ఒకటి నుంచి పది దాకా. నువ్వే సెప్పు."

కళ్ళు తిప్పకుండా చాలాసేపు ఆలోచించింది. లెక్క తప్పు రాకూడదని ఆలోచిస్తున్నట్టుంది.

"మొన్న పది," అంది. "ఇవాళ కొంచెం తక్కువే తాతా. ఎనిమిది."

ఏడు చాలు. పిల్లల అర మూయకముందు ఏడొస్తే తెరుచుకునేది.

ఎస్తేరు మొహం మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. నేను పిల్ల నుదుటి మీద పట్టీ తీసేశాను. జిగురు అంటుకుని రెండు వెంట్రుకలు వచ్చాయి, అది అబ్బా అంది. తప్పయింది అన్నాను. ఆ మాట నేను ఏ పిల్లకీ ఇంతవరకు అనలేదు.

పట్టీ తీశాక కంట్రోల్ అడుగుతోంది, పేషెంటు నంబరు రావడంలేదు, ఎంతుందో చెప్పండి అని. ఎనిమిది అన్నాను. ఏ పట్టీ అంది. పిల్ల చెప్పింది అన్నాను. అలా రాసుకోవడానికి మా దగ్గర చోటు లేదు అంది.

నా పుస్తకంలో ఉంది. ఇక్కడ రాస్తున్నాను.

కిల్లో బసంతి, తొమ్మిదేళ్ళు. నొప్పి ఎనిమిది. తనే చెప్పింది. మందు లేదు. ఇప్పటికి రెండు గంటలా పది నిమిషాలు. ఇంకా ఎనిమిది స్తంభాలున్నాయి. గాలి తగ్గలేదు.